కంటి అడుగున దాగిన నాళములు: వానిని చూపు యంత్రములు

(గ్రంథాలయ రజతోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠము)



గ్రంథాలయ రజతోత్సవ సభలో కన్నులనుగూర్చి మాట్లాడుట కొందరికి వింతగా తోచవచ్చును. కాని గ్రంథాలయమునకు కావలసినవి మూడు: పుస్తకము, దీపము, కన్ను. మొదటి రెంటిని గ్రామస్థులు చందాలు వేసికొని సమకూర్చుకొనవచ్చును. మూడవది చందాలతో వచ్చునది కాదు. ఉన్నదానిని కాపాడుకొనుటయే మన చేతిలోని పని. ఈ గ్రంథాలయము పుట్టిననాడు నలువదియేండ్ల ప్రాయములో చందాదారులుగా చేరినవారికి నేడు అరువదియైదేండ్లు. నేను చెప్పబోవు జబ్బు సరిగా ఈ వయస్సువారిని వెదకికొని వచ్చునది. వచ్చినచో మొట్టమొదట పోగొట్టునది చదువు. కావున ఈ ముచ్చట ఈ సభకు పరాయిది కాదని మనవి చేయుచున్నాను.

కంటి నిర్మాణమును ఒకమారు జ్ఞప్తికి తెచ్చుకొందము. ముందు శుక్లపటలము, దాని వెనుక కటకము, అట్టడుగున వెలుతురును పట్టుకొను నేత్రపటలము కలవు. నేత్రపటలము నడుమ పసుపు ఛాయగల చిన్న ప్రదేశమొకటి ఉన్నది. పాఠ్యపుస్తకములలో దీనిని పచ్చచుక్క అందురు. వైద్యులు మాక్యులా అందురు. అడ్డముగా కొలిచిన అయిదారు మిల్లీమీటర్లకు మించదు. అక్షరములు చదువుట, సూదిలో దారమెక్కించుట, బియ్యములో రాళ్లు ఏరుట, ఎదుటివాని ముఖమునుబట్టి ఎవరో గుర్తించుట, ఇవన్నియు ఈ చిన్న చోటి చలవయే. తక్కిన నేత్రపటలమంతయు ప్రక్కచూపునిచ్చును. పచ్చచుక్క చెడినవాడు పొలముగట్టున నడువగలడు, పశువును తోలుకొని రాగలడు. కాని ఉత్తరమును చదువలేడు, మనుమరాలి ముఖమును పోల్చలేడు.

నేత్రపటలమునకు అడుగున ఒక రంగుకణముల పొర, దానికి అడుగున పలుచని అడ్డుపొర, దానికిని అడుగున రక్తపటలమను రక్తనాళముల పరుపు ఉన్నవి. వయస్సు మళ్లినకొలది కొందరికి ఆ అడ్డుపొరపై పసుపు పచ్చని మడ్డి చుక్కలు చుక్కలుగా పేరుకొనును. వైద్యులు వీనిని డ్రూసెన్ అందురు. పచ్చచుక్క క్షీణతకు ఇది ఆరంభము. ఈ క్షీణత రెండు విధములు. పొడి రకములో కణములు మెల్లమెల్లగా, ఏండ్ల తరబడి నశించును. తడి రకములో నాళములను పెంచు ఒక పదార్థము కంటిలో హెచ్చగును. దాని ప్రేరణచేత రక్తపటలమునుండి క్రొత్తనాళములు మొలకెత్తి, అడ్డుపొరను చీల్చుకొని పైకి వచ్చును. ఇవి అసహజ నాళములు. వీని గోడలు గట్టివి కావు. చెఱువుకట్ట అడుగున ఎలుక బొరియలనుండి నీరు ఊరినట్లు వీనినుండి నీరు ఊరును, క్రొవ్వు ఊరును, ఒక్కొక్కప్పుడు రక్తమే చిమ్మును. నేత్రపటలము ఉబ్బి, తిన్ననిగీతలు వంకరలుగా కనబడును. చూపు నడుమ నల్లని మచ్చ నిలుచును. ఉపేక్షించినచో ఆ చోట మచ్చకట్టి చూపు శాశ్వతముగా పోవును.

ఇక్కడ మన పల్లెల అలవాటునొకదానిని గట్టిగా ప్రస్తావింపవలసియున్నది. పెద్దవారికి చూపు తగ్గినదనగానే “శుక్లము వచ్చినది, ముదరనీ, పంటపనులు ముగిసినాక తీయింతము” అని అనుకొనుట మనకు పరిపాటి. శుక్లము విషయములో ఆ జాప్యము పలుమారులు క్షమింపబడును. కటకమును మార్చిన చూపు తిరిగివచ్చును. తడి రకపు క్షీణత విషయములో అదే జాప్యము కంటిని పోగొట్టును. శుక్లము కంటి ముంగిట కట్టిన తెర. ఇదియో, ఇంటిలోపల గోడ కూలుట. తెరను ఎప్పుడైనను తీయవచ్చును. కూలిన గోడలోని దీపములు మరల వెలుగవు. దీని లెక్క సంవత్సరములతో కాదు, వారములతో.

ఇది మనదేశమున లేని జబ్బని కొందరి భ్రమ. హైదరాబాదులో డాక్టరు గుళ్లపల్లి నాగేశ్వరరావుగారు 1987లో స్థాపించిన ఎల్.వి. ప్రసాద్ నేత్ర విజ్ఞాన సంస్థవారు 1996 మొదలు 2000 వరకు నాటి ఆంధ్రప్రదేశములో గొప్ప నేత్రపరిశీలన నడపిరి. హైదరాబాదు నగరమునను, పశ్చిమగోదావరి, ఆదిలాబాదు, మహబూబునగరు జిల్లాల పల్లెలయందును మొత్తము 10,293 మంది కన్నులను పరీక్షించిరి. వారిలో నలువదేండ్లు నిండినవారు 3,723 మంది. అందు 71 మందికి ఈ క్షీణత కనబడెను. అనగా నూటికి సుమారు ఇద్దరు. అరువది దాటినవారిలో ఇది మరింత హెచ్చు. చుట్టలు త్రాగిన అలవాటుగలవారిలో, ఆ అలవాటు లేనివారికంటె సుమారు మూడురెట్లు ఎక్కువగా కనబడినట్లు ఆ పరిశీలన తెల్పెను. చుట్ట ఊపిరితిత్తులకు చెరుపని మనమందరము విన్నదే. కంటికిని చెరుపే అని ఇకమీదట జ్ఞాపకముంచుకొనవలెను.

ఒక తరము క్రిందట ఈ జబ్బును కనిపెట్టినను చేయగలిగినది స్వల్పము. నేడట్లు కాదు. నాళములను పెంచు పదార్థమును అణచు మందును కంటిలోనికి సన్నని సూదితో ఎక్కించు చికిత్స వచ్చినది. రానిబిజుమాబ్ అను మందునకు అమెరికాలో 2006లో అనుమతి లభించెను. పెద్దప్రేగు క్యాన్సరుకై పుట్టిన బెవాసిజుమాబ్ అను మందు దానికంటె ఎంతయో చౌక. ఏడాది చికిత్స పిమ్మట చూపు విషయములో రెంటి ఫలితమును ఇంచుమించు సమానమేయని 2011లో ప్రచురితమైన పెద్ద పరిశీలన చూపెను. రానిబిజుమాబునకు సరియగు మందు 2015లో మన భారతదేశమందే తయారై అంగడికి వచ్చెను. కావున ఇప్పటి ప్రశ్న మందున్నదా లేదా అనునది కాదు. ఆ దొంగనాళములను సకాలములో చూడగలమా లేదా అనునదే ప్రశ్న. చూచుటకు యంత్రములు పలువిధములుగా ఉన్నవి. వైద్యుడు ఒకమారు ఒక యంత్రము ముందు, మరియొకమారు మరియొక యంత్రము ముందు కూర్చుండబెట్టినచో “ఇన్ని పరీక్షలేల? డబ్బుకొరకా?” అను సందేహము పుట్టుట సహజము. ఆ సందేహమును తీర్చుటయే ఈ ప్రసంగమునకు ముఖ్యోద్దేశము.

మొదటిది కంటి అడుగును చూచు సాధనము. జర్మనీ దేశపు హెల్మ్‌హోల్ట్జ్ 1851లో దీనిని లోకమునకు తెలిపెను. అంతకుముందు బ్రతికియున్న మనుష్యుని నేత్రపటలమును కన్నులార చూచుట అసాధ్యముగా నుండెను. తరువాత 1926 ప్రాంతమున కంటి అడుగును ఫోటో తీయు కెమెరాలు వాడుకలోనికి వచ్చెను. నేడు బెంగుళూరులో తయారగు చిన్న కెమెరాలను బండిలో పెట్టుకొని పల్లెకే తీసికొనిపోవచ్చును. పసుపు చుక్కలను, రక్తపు మరకను, మచ్చను ఈ కెమెరా చక్కగా చూపును. కాని ఇది పైనుండి తీసిన చిత్రము. నీటిలో తేలు తామరాకు కనబడును. అడుగున ఊట ఉన్నదో లేదో తెలియదు. రంగుపొర అడుగున నక్కిన నాళమును ఇది పట్టుకొనలేదు. దీనిని జల్లెడవంటి పరీక్షగా భావింపవలెను: ఎవరిని పెద్ద ఆసుపత్రికి పంపవలెనో చెప్పును, అంతకుమించి తీర్పు చెప్పదు.

రెండవది రంగుమందు పరీక్ష. అమెరికాలో ఇండియానా విశ్వవిద్యాలయమున వైద్యవిద్య నభ్యసించుచున్న నోవోట్నీ, ఆల్విస్ అను ఇద్దరు దీనిని రూపొందించి 1961లో హృద్రోగ శాస్త్రజ్ఞుల పత్రికయందు ప్రకటించిరి. మొట్టమొదట తన కంటినే పరీక్షకొసగినవాడు ఆల్విస్. ఫ్లోరెసీన్ అను పసుపురంగు మందును చేతి నరములోనికి ఎక్కింతురు. పది పదునైదు సెకండ్లలో అది నేత్రపటలమును చేరును. అప్పుడు నీలికాంతిని ప్రసరింపజేసినచో ఆ మందు పచ్చని కాంతితో వెలుగును. కెమెరా వరుసగా పది నిమిషములవరకు చిత్రములు తీయును. ఆరోగ్యముగల నేత్రపటల నాళమునుండి ఈ మందు బయటికి రాదు. దొంగనాళమునుండి మాత్రము కారి, క్షణక్షణమునకు వెలుగు విస్తరించును. చీనీతోటలో నీటిగొట్టము ఎక్కడ చిల్లిపడినదో కనుగొనుటకు నీటిలో రంగు కలిపి వదలినట్లుండును ఈ పద్ధతి. కారుట ఉన్నదా, ఎక్కడ, ఎంత వేగముతో అను మూడు ప్రశ్నలకు దీనంత స్పష్టముగా సమాధానమిచ్చు పరీక్ష మరియొకటి లేదు. కనుకనే ఇన్ని యంత్రములు వచ్చినను దీని గౌరవము తగ్గలేదు.

దీనికి లోపములును కలవు. కారిన మందు పొగమంచువలె కమ్ముకొని నాళపు రూపును తానే కప్పివేయును. రంగుపొర అడుగున ఉన్న నాళములు దీనికి మసకగా మాత్రమే తోచును. కొందరికి మందు ఎక్కిన నిమిషములోపల వికారము, వాంతి కలుగును. అది త్వరలోనే తగ్గును. చర్మము కొన్ని గంటలు పచ్చబడును, మూత్రము ఒక దినము ముదురు పసుపుగా పోవును. ఇది కామెర్లని భయపడనక్కరలేదు. మిక్కిలి అరుదుగా ప్రాణాపాయకరమైన ప్రతిక్రియయు కలుగవచ్చును. అందుచేత ఏ మందైనను పడనివారు, ఉబ్బసము, గుండెజబ్బు, మూత్రపిండముల జబ్బు గలవారు ముందుగానే వైద్యునికి తెలుపవలెను.

మూడవది ఇండోసయనైన్ గ్రీన్ అను ఆకుపచ్చని మందుతో చేయు పరీక్ష. ఇది గుండె, కాలేయముల పరీక్షలకు వాడబడుచుండిన మందు; 1970 తరువాతి యేండ్లలో కంటికి ఉపయోగింపబడెను. ఈ మందు రక్తములోని మాంసకృత్తులతో ఇంచుమించు పూర్తిగా పెనవేసుకొనియుండును గనుక సులభముగా కారదు. ఇది ఇచ్చు వెలుగు మన కంటికి కనబడని పరారుణ కాంతి. ఆ కాంతి రంగుపొరను, పలుచని రక్తపు మరకను దాటి రాగలదు. కావున రక్తపటలములోని లోతు నాళములను చూపుటలో దీనిదే పైచేయి. మనకు ఇది ముఖ్యమగుటకు వేరొక కారణము కలదు. నాళపు కొనలు ద్రాక్షపండ్లవలె ఉబ్బి రక్తము చిమ్ము ఒక రకము ఐరోపా జాతులవారిలోకంటె ఆసియావాసులలో ఎక్కువగా కనబడుచున్నది. ఆ ద్రాక్షగుత్తిని రూఢిగా పట్టియిచ్చు పరీక్ష ఇదియే. చికిత్స చేసినను ఫలితము కనబడనప్పుడు, రక్తము విశేషముగా చిమ్మినప్పుడు వైద్యుడు దీనిని కోరును. ఈ పరీక్షకు అరగంటవరకు పట్టవచ్చును. ఈ మందులో అయోడిను ఉండును. అయోడిను పడనివారును, కాలేయపు జబ్బుగలవారును ఆ సంగతి దాచరాదు.

నాలుగవది ఓ.సి.టి. అను యంత్రము. దీనికి సూదిమందు లేదు, రంగు లేదు. మన ప్రాంతమువారికి దీనిని బోధించుట సులభము. వేముల మండలములో ముగ్గురాయి గనులను, తుమ్మలపల్లెలోని యురేనియము గనిని ఎరిగినవారు మీరు. గని త్రవ్వకముందు బోరు వేసి గుండ్రని రాతికడ్డీని పైకి తీసి, ఏ లోతున ఏ పొర ఉన్నదో చూతురు. కంటిలో బోరు వేయకయే అట్టి కడ్డీని కన్నులకు కట్టించునది ఈ యంత్రము. పాడుబావిలో రాయి విడిచి చప్పుడు వచ్చు కాలమునుబట్టి లోతు కట్టినట్లు, ఇది కంటిలోనికి వెలుగును పంపి, ఏ పొరనుండి ఎంత వెలుగు మరలివచ్చెనో లెక్కించును. వెలుగు వేగము మన గడియారములకు అందునది కాదు గనుక, ఆ మరలివచ్చిన వెలుగును అద్దమునుండి మరలిన మరియొక వెలుగుతో కలిపి పోల్చి లోతును తేల్చును. డేవిడ్ హువాంగ్, ఫుజిమోతో, స్వాన్‌సన్ మున్నగువారు 1991లో దీనిని ప్రకటించిరి. ఈ ముగ్గురికి 2023లో లాస్కర్ బహుమానము లభించినది.

మిల్లీమీటరును వేయి భాగములు చేసిన, ఒక భాగము పేరు మైక్రాన్. నేటి ఓ.సి.టి. అయిదారు మైక్రాన్ల తేడాను లోతులో గుర్తించును. నేత్రపటలము ఉబ్బెనా, అందు నీరు చేరెనా, రంగుపొర లేచెనా అనునది కొన్ని సెకండ్లలో తెలియును. సూది వేసిన తరువాత నీరు తగ్గినదా, మరల సూది వేయవలెనా అని నిర్ణయించుటకు నేడు వైద్యులు ముఖ్యముగా నమ్ముకొన్నది దీనినే. కాని తడిసిన గోడను చూచినంతమాత్రమున గొట్టము కనబడినట్లు కాదు. నీరు చేరుటకు వేరు జబ్బులును కారణము కావచ్చును. ఓ.సి.టి. చిత్రములో నాళపు కండయు, మచ్చయు, గడ్డకట్టిన రక్తమును ఇంచుమించు ఒకే బూడిదరంగుగా కనబడి, ఏది ఏదో తేల్చుకొనుట కష్టమగును.

అయిదవది ఈ ఓ.సి.టి.కే తమ్ముడు, ఓ.సి.టి. ఆంజియోగ్రఫీ అని పేరు. 2012లో దీని ముఖ్యపద్ధతి ప్రకటింపబడెను; 2014 మొదలు యంత్రములు అంగడికి వచ్చెను. ఒకే చోటును క్షణములో పలుమారులు చిత్రించి, ఆ చిత్రములను పోల్చిచూచుటయే దీని కిటుకు. వాగు ఒడ్డున నిలిచి రెండు ఫోటోలు వెంటవెంటనే తీసినచో ఒడ్డులోని రాళ్లు రెంటిలోను ఒకటిగానే ఉండును, పారు నీరు మాత్రము మారును. అట్లే కంటి కణజాలము కదలదు, నాళములోని ఎర్రకణములు కదలును. కదలినదానిని మాత్రము ఏరి గీసినచో నాళముల పటము సిద్ధమగును. సూది లేకుండ, వికారము లేకుండ, కావలసిన పొరను విడదీసి చూపును. కారి కమ్ముకొను మందు లేదు గనుక నాళపు రూపు కొమ్మలు రెమ్మలతో స్పష్టముగా నుండును.

మరి దీనితో పాత పరీక్షలన్నియు అవసరము లేకపోయెనా? లేదు. ఇది ప్రవాహమును చూపునుగాని కారుటను చూపదు. నాళము మిక్కిలి మందగతిగా పారినచో దీనికి కనబడదు. ద్రాక్షగుత్తులను ఇది కొన్నిమారులు విడిచివేయుటకు అదియే కారణము. రోగి చూపును నిలుపవలెను. నడిచూపు పోయినవాడు ఎక్కడ చూపు నిలుపగలడు? కన్ను కదలినచో చిత్రములో చారలు పడును. పై నాళముల నీడ క్రిందిపొరపై పడి, లేని నాళమును ఉన్నట్లు చూపును. రక్తము చిమ్మినచోట చిత్రము అంధకారమగును. 2015లో ప్రచురితమైన తొలి పరిశీలనలలో ఒకదానిలో, ఫ్లోరెసీన్ పరీక్షచే నాళములున్నవని తేలిన 8 కండ్లలో ఇది నాలుగింటిని మాత్రమే పట్టినది. లేవని తేలిన 22 కండ్లలో ఇరువదింటిని సరిగా లేవన్నది. తరువాత యంత్రములు మెరుగుపడి ఫలితములును మెరుగుపడినవి. కాని ఇది లేదన్నంతమాత్రమున నాళము లేదని నమ్మరాదను ఆ తొలిపాఠము మరువరానిది.

మరియొక వంకనుండి చూచిన, ఫ్లోరెసీనునకు చిక్కని దానిని ఇది పట్టుట కలదు. కొన్ని నాళములు మొలకెత్తియు ఇంకను కారకయే నిదురించుచుండును. కారుట లేదు గనుక రంగుమందు వానిని చూపదు. ప్రవాహమున్నది గనుక ఇది చూపును. అట్టి నాళము గల కంటిలో మున్ముందు నీరు కారు ప్రమాదము, నాళము లేని కంటికంటె ఎన్నోరెట్లు ఎక్కువ. అట్టివారికి సామాన్యముగా వెంటనే సూది వేయరు. తరచుగా పిలిచి చూచుచుందురు. పామును పుట్టలోనుండగనే గుర్తించి కనిపెట్టియుండుటవంటిది ఇది.

ఈ యంత్రములలోనే రెండు తెగలు కలవు. ఒక తెగ సుమారు 840 నానోమీటర్ల తరంగముగల వెలుగును, రెండవ తెగ సుమారు 1050 నానోమీటర్ల వెలుగును వాడును. రెండవది సెకనుకు లక్ష గీతలను, కొన్ని అంతకంటె ఎక్కువను, చదువును. ఆ పొడుగైన తరంగము రంగుపొరవద్ద తక్కువగా చెదరి లోతునకు దిగును. ఒకే కంటిని రెండు తెగల యంత్రములతోను చిత్రించి పోల్చిన పరిశీలనలు 2016, 2017 సంవత్సరములలో అమెరికాలో వెలువడెను. రెండవ తెగ యంత్రములో అదే నాళపు విస్తీర్ణము పెద్దదిగా కనబడినది. మొదటిది అంచులలోని సన్నకొమ్మలను విడిచిపెట్టుచున్నదని దీని భావము. అయితే రెండవ తెగ యంత్రము ఖరీదు హెచ్చు; అన్ని ఆసుపత్రులలో ఉండదు.

ఈ పోలికనుండి సామాన్యునకు కలుగు లాభమేమనగా, యంత్రము మార్చినచో నాళము పెరిగినట్లు భ్రమ కలుగవచ్చును. మందము కొలతల సంగతియు ఇంతే. నేత్రపటలపు అడుగు గీతను ఒక కంపెనీ యంత్రము ఒక పొరవద్ద గీయును, మరియొకటి మరియొక పొరవద్ద గీయును. అదే కన్ను, అదే దినము, రెండు యంత్రములలో అనేక మైక్రాన్ల తేడా చూపును. ఒక ఊరి కుంచముతో కొలిచిన వడ్లను మరియొక ఊరి కుంచముతో కొలిచి తరుగు వచ్చెనని తగవులాడినట్లు కాకుండవలెనన్న, సాధ్యమైనంతవరకు ఒకే ఆసుపత్రిలో, ఒకే యంత్రముతో పరీక్ష సాగించవలెను. ఆసుపత్రి మార్చక తప్పనిచో పాత చిత్రములన్నిటిని వెంట తీసికొనిపోవలెను. కావున కాగితములను పాత పుస్తకములవలె భద్రపరచుడు. గ్రంథాలయ సభ్యులకు ఈ మాట విశేషించి చెప్పనక్కరలేదు.

ఇప్పుడు అయిదింటిని ఒక త్రాట గ్రుచ్చి చెప్పుదును. పైకి కనబడు రక్తమును, మడ్డిని కెమెరా చూపును. కారుటను ఫ్లోరెసీన్ చూపును. లోతున దాగిన నాళమును, ద్రాక్షగుత్తిని ఆకుపచ్చ మందు చూపును. చేరిన నీటిని, ఉబ్బిన పొరను ఓ.సి.టి. చూపును. పారు రక్తమును, నాళపు రూపును ఓ.సి.టి. ఆంజియోగ్రఫీ చూపును. ఒక్కొక్కటి ఒక్కొక్క ప్రశ్నకు సమాధానము. ఏది గొప్పయంత్రము అని అడుగుట, నాగలి గొప్పదా కొడవలి గొప్పదా అని అడిగినట్లే. వైద్యునివద్ద అడుగదగిన ప్రశ్న వేరు: “అయ్యా, ఈ పరీక్షవలన నా చికిత్సలో ఏమి మారును?” అని వినయముగా అడుగుడు. మంచి వైద్యుడు సంతోషముగా చెప్పును. మారునదేదియు లేనిచో ఆ పరీక్ష అవసరము లేకపోవచ్చును. మారునని చెప్పినచో సూదికి జంకి మానుకొనరాదు. ఖరీదైన యంత్రము లేని ఆసుపత్రియని చులకన చేయరాదు, ఓ.సి.టి., ఫ్లోరెసీన్ రెండును ఉండి, వానిని చదువనేర్చిన వైద్యుడున్నచో పెక్కుమంది రోగులకు అదియే చాలును.

పరీక్షకు పోవునప్పుడు ఒకరిని తోడు తీసికొనిపోవలెను. కంటిపాపను పెద్దది చేయు చుక్కల మందు వేయుదురు; కొన్ని గంటలు దగ్గరి వస్తువులు మసకగా తోచును, ఎండ కొట్టును. మోటారుసైకిలు నడపరాదు. మన కడప జిల్లావారికి కర్నూలు ప్రాంతీయ నేత్ర వైద్యశాల, తిరుపతిలోని అరవింద నేత్ర వైద్యశాల, హైదరాబాదులోని ఎల్.వి. ప్రసాద్ సంస్థ, సరోజినీదేవి నేత్ర వైద్యశాల అందుబాటులోని పేరెన్నికగన్న చోట్లు. అవి వేములకు కూతవేటు దూరములో లేవు. అందువలననే ఎవరు పోవలెనో, ఎప్పుడు పోవలెనో ఊరిలోనే తెలిసికొనగల ఉపాయము కావలెను.

ఆ ఉపాయము ఉన్నది. దాని ఖరీదు ఒక కాగితము. స్విట్జర్లాండు నేత్రవైద్యుడు మార్క్ ఆమ్‌స్లర్ గళ్ల కాగితమునొకదానిని వాడుకలోనికి తెచ్చెను. పది సెంటీమీటర్ల చదరములో అయిదు మిల్లీమీటర్ల గళ్లు, మొత్తము 400. నడుమ ఒక చుక్క. చదువుకొను అద్దములు పెట్టుకొని, మంచి వెలుతురులో, సుమారు ముప్పది సెంటీమీటర్ల దూరమున పట్టుకొని, ఒక కన్ను మూసి, రెండవ కంటితో చుక్కను చూడవలెను. గీతలు వంకరపోయినను, గళ్లు చెరగినను, నల్లమచ్చ తోచినను వారములోపల నేత్రవైద్యుని చూడవలెను. తరువాత రెండవ కన్ను. రెండు కన్నులు తెరచి చూచినచో మంచికన్ను చెడుకంటి లోపమును కప్పిపుచ్చును. పలువురు జబ్బును ఆలస్యముగా కనుగొనుటకు ఇదియే హేతువు. ఈ కాగితము అన్నిటిని పట్టగలదని చెప్పను. తొలిదశలోని కొన్నింటిని అది విడిచివేయును. కావున గీతలు తిన్నగానే ఉన్నవని ఏడాదికొకమారు చేయించుకొనవలసిన పరీక్షను మానరాదు.

కార్యవర్గమువారికి నా ప్రార్థన యిది. ఈ రజతోత్సవమునకు గుర్తుగా ఆ గళ్లపటమునొకదానిని, కొలత తప్పకుండ ముద్రింపించి, దినపత్రికలు చదువు బల్లకెదురుగా గోడకు తగిలింపుడు. ప్రతినెల మొదటి దినమున అరువది దాటిన చందాదారులు ఒక్కొక్క కంటితో దానిని చూచునట్లు ఏర్పాటుచేయుడు. చదువురాని అవ్వలు, తాతలు గ్రంథాలయమునకు రానివారు కలరు. వారి ఇండ్లకు ఆ కాగితమును తీసికొనిపోవుటకు బడిపిల్లలకంటె తగినవారు లేరు. గీతలు తిన్నగా ఉన్నవో లేవో చెప్పుటకు అక్షరములు రానక్కరలేదు. పుస్తకములు తెచ్చియిచ్చు అలవాటుప్రకారము, నెలనెల వచ్చు చందాదారు రెండు నెలలుగా రానిచో “ఎందుకు రాలేదు?” అని విచారింపుడు. పని తొందరయై రానివారుందురు, ఊరికి పోయినవారుందురు. అక్షరములు అలుకుకొనిపోవుచున్నవని సిగ్గుచే చెప్పుకొనలేక మానుకొన్నవారును ఉందురు. ఆ మూడవవారిని ఆ నెలలోనే కనిపెట్టినచో వారి చూపు నిలుచు అవకాశమున్నది. ఆరు నెలలకు కనిపెట్టినచో ఆ అవకాశము మిక్కిలి తగ్గును.

ఇరువదియైదేండ్లుగా ఈ గ్రంథాలయము గ్రామస్థుల చేతికి పుస్తకమునిచ్చినది. ఇకమీదట ఆ పుస్తకమును చదువు కంటికిని కాపు కాయవలెనని కోరుచు, స్వర్ణోత్సవమునాడు నేడు ముందువరుసలో కూర్చున్న పెద్దలు ఈ సంచికనే తమ కన్నులతో తాము చదువుకొందురుగాకయని ఆకాంక్షించుచున్నాను.